ప్రపంచ వాణిజ్య మత్స్య పరిశ్రమ

వాణిజ్య మత్స్య పరిశ్రమ యనగా, ఇంటి యాహారమునకు గాక విక్రయార్థమై, సముద్రములందును, నదులందును, సరస్సులందును సహజముగా పెరుగు చేపలను, రొయ్యలను, పీతలను, ఆల్చిప్పలను పట్టి, చెడకుండ భద్రపఱచి, దూరదేశముల విపణులకు చేర్చు వృత్తుల సముదాయము. చెఱువులలో చేపలను పెంచు వృత్తి దీనికి మిక్కిలి సన్నిహితమైనదే గాని దీనిలోనిది కాదు. ఈ రెంటికి గల భేదము నీటి లోతునుబట్టి గాక స్వామ్యమునుబట్టి ఏర్పడినది. రైతునకు పైరు, గొల్లకు మంద, చెఱువు యజమానికి చెఱువులోని చేప మొదటినుండియు సొంతమై యుండగా, సముద్రమున తిరుగు చేప వలలో పడువఱకు ఎవ్వరిదియు గాదు, పడిన మరుక్షణమున పట్టినవానిది. తాను నేడు విడిచిన చేప రేపు పెద్దదై తనకే దొరకునను నమ్మకము ఏ పడవవానికిని లేదు; పొరుగు పడవకు దొరకుననుట మాత్రము నిశ్చయము. ఓడలు నానాటికి పెద్దవగుటయు, వలలు విశాలమగుటయు, మిత్రదేశములే సముద్రముపై కలహించుటయు, సిరులొలికిన మేటలు కొన్ని యేండ్లలో శూన్యములగుటయు చాలమట్టుకు ఈ యొక్క నియమమునుండి పుట్టినవే.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారము 2022లో ప్రపంచమున ఈ విధముగా పట్టిన జలచరముల తూకము సుమారు 9.1 కోట్ల టన్నులు. అందు దాదాపు 8 కోట్ల టన్నులు సముద్రములనుండియు, తక్కినది మంచినీటినుండియు లభించినవి. 1950 ప్రాంతమున 2 కోట్ల టన్నులైనను మించని యీ రాశి నాలుగు దశాబ్దములలో నాలుగింతలకు పైబడి పెరిగి, 1980 దశాబ్దము చివర నిలిచిపోయినది. నాటినుండి నేటివఱకు యంత్రములెంత బలపడినను మొత్తము మాత్రము పెరుగలేదు. పట్టుబడిలో చైనా ప్రథమస్థానమునందుండగా, ఇండోనేషియా, భారతదేశము, పెరూ, రష్యా దాని వెనుక నిలుచుచున్నవి. ప్రపంచములోని చేపల పడవలు దాదాపు 49 లక్షలు. వానిలో మూడింట రెండువంతులకు మాత్రమే యంత్రములు గలవు, అత్యధిక భాగము పన్నెండు మీటర్లకు లోపు పొడవుగలవి. కాన ఈ పరిశ్రమను గూర్చి చెప్పు ఏ వాక్యమైనను, నూరుమంది నావికులతో మాసముల తరబడి నడిసముద్రమున నుండు ఉక్కు ఓడకును, తెల్లవాఱుజామున నలుగురు కలిసి అలలమీదికి నెట్టు పడవకును సమానముగా వర్తించునని తలంపరాదు.

సముద్రమంతట చేపలు నిండియున్నవనుటయు సరికాదు. మహాసముద్రముల నడిభాగములందు వెలుతురు సమృద్ధిగా నున్నను పోషకద్రవ్యముల లేమిచే జీవసంపద మిక్కిలి పలుచన. చేపలు రాశిపడు చోట్లు రెండు విధములు. ఖండముల యంచులననుసరించి వ్యాపించిన లోతు తక్కువ మేటలు మొదటివి: న్యూఫౌండ్లాండు చెంతనున్న గ్రాండ్ బ్యాంక్స్, ఉత్తర సముద్రము, బేరింగు సముద్రము, తూర్పు చైనా సముద్రము ఈ కోవలోనివి. గాలులు తీరపు నీటిని బయటికి నెట్టివేయగా, ఆ స్థానమును నింపుటకు అడుగుననున్న చల్లని నీరు నైట్రేటులతోను ఫాస్ఫేటులతోను పైకెగయు తీరములు రెండవవి: పెరూ, కాలిఫోర్నియా, మొరాకో, నమీబియా తీరములు ఇందుకు ప్రసిద్ధములు. సూర్యరశ్మి తగులు పొరలోనికి వచ్చిన ఆ పోషకములవలన కంటికానని సూక్ష్మవృక్షములును, వానిని తినుటకు చిన్న చేపలును అపారముగా వృద్ధినొందును. ఇరుకైన యీ తీరపట్టీల విస్తీర్ణము అల్పమైనను, ప్రపంచపు పట్టుబడిలో వీని పాలు విస్తీర్ణమునకు మించి ఎన్నోరెట్లుండును.

వలయు గాలమును మానవునికి అనాదిగా తెలిసినవే. చేప వాణిజ్యద్రవ్యము గాకుండ చిరకాలము అడ్డగించినది పట్టుటలోని అశక్తి గాదు, కుళ్లు. అందుచేత ఈ పరిశ్రమ చరిత్రలో తొలి నాయకులు జాలరులు గారు, చేపను నిలువచేయు ఉపాయము కనిపెట్టినవారే యని యెంచుట ఉచితము. నార్వే దేశపు లొఫోటెన్ దీవులకు శీతకాలమున గ్రుడ్లు పెట్టవచ్చు కాడ్ చేపలను తలలు తీసి, రెండేసి తోకలు కలిపి ముడివైచి, కొయ్యదండెములపై వ్రేలాడదీయుదురు. ఈగలు పుట్టునంత వేడిమియు, గడ్డకట్టి చెడునంత చలియు లేని ఆ ఋతుసంధిలో అవి ఉప్పు సోకకయే ఎండి, ఏండ్లకొలది నిలుచును. మధ్యయుగముల బెర్గెన్ పట్టణము ఈ యెండుచేప వర్తకముతోనే వర్ధిల్లినది. హెర్రింగు చేపకు ఈ సౌకర్యము లేదు. దానియందు నూనె విస్తారమగుటచే గాలికి ఎండకమునుపే ముక్కిపోవును. దాని మొప్పలను ప్రేగులను ఒక్క కత్తివ్రేటున తొలగించి, ఉప్పుతో పీపాలలో బిగించు పద్ధతి పదునాలుగవ శతాబ్దినాటి విలెం బ్యూకెల్జూన్ అను డచ్చి జాలరి కనిపెట్టినాడని పరంపరగా చెప్పుదురు. ఆ పద్ధతిని సముద్రముమీదనే, ఓడ మేడపైననే సాగించుటచే డచ్చివారు ఉత్తర సముద్రపు వర్తకమును రెండు శతాబ్దులు తమ చేతనుంచుకొనిరి. ఉపవాసదినములలో మాంసము నిషేధించి చేపను అనుమతించిన క్రైస్తవ మఠముల యాచారము వారి సరకునకు ఐరోపాఖండమంతట ఎడతెగని గిరాకిని సమకూర్చినది.

ఈ పీపాల వెనుకనున్న శ్రమను స్కాట్లండు స్త్రీలయందు దగ్గఱగా చూడవచ్చును. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమువఱకు, హెర్రింగు మందలు ఉత్తరమున షెట్లండు దీవులనుండి దక్షిణమున యార్మత్ రేవువఱకు దిగుచుండగా, ఆ మందల వెంట ఒడ్డున రైళ్లమీద వేలాది పడుచులు దిగుచుండిరి. ముగ్గురు ఒక జట్టు: ఇద్దరు చేప చీల్చువారు, ఒకతె పీపాలో ఉప్పు చల్లుచు వరుసలు పేర్చునది. కత్తి పదునునకును, గాయమున మండు ఉప్పునకును రక్షగా వ్రేళ్లకు పాతగుడ్డ పేలికలు దారముతో చుట్టుకొనెడివారు. చూపు చేతిమీద నిలుపకయే చేపను చీల్చి, పరిమాణమునుబట్టి వేఱువేఱు తొట్లలోనికి విసరుచు, పనిలేని ఘడియలలో నిలుచుండియే మేజోళ్లు అల్లుకొనెడివారట. ఓడల పేర్లతో నిండిన మత్స్యపరిశ్రమ చరిత్రలలో వీరికి దక్కిన పుటలు మిక్కిలి తక్కువ.

అట్లాంటిక్ ఆవలి యొడ్డున కథ ఇంకను విశాలమైనది. 1497లో జాన్ కాబట్ న్యూఫౌండ్లాండు ప్రాంతము చేరి తిరిగివచ్చిన పిమ్మట, అచ్చట నీటిలోనికి బుట్టలు దించి చేపలు తోడుకొనవచ్చునన్న వార్త ఐరోపారాజధానులకు ప్రాకినది. బాస్కులు, పోర్చుగీసులు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ఏటేట వసంతమున వచ్చి శరత్తున మరలిపోవుచుండిరి. వారి రేవుల పాలనాపద్ధతి మన విషయమునకు చక్కని దృష్టాంతము: ఋతువారంభమున రేవు చేరిన మొదటి ఇంగ్లీషు ఓడ కప్తానే ఆ యేటికి ఆ రేవునకు అడ్మిరల్, ఒడ్డున మంచి చోటు ఎన్నుకొనుటకును, తక్కినవారి తగవులు తీర్చుటకును అధికారము వానిదే. 1699లో ఇంగ్లండు పార్లమెంటు ఈ యాచారమునకు చట్టరూపము నొసగినది. ముందు వచ్చినవానిదే చేప యను నియమము నీటినుండి నేలమీదికిని ప్రాకి, న్యాయాధికారము సయితము ముందు వచ్చినవానికే చెందినది. చేపను వెన్నెముక తీసి విప్పి, ఉప్పుపట్టించి, కొయ్యమంచెలపై ఎండబెట్టి, మబ్బు పట్టినప్పుడెల్ల చర్మము పైకుండునట్లు త్రిప్పుచుండెడివారు. మేలురకము స్పెయిను, పోర్చుగల్ దేశములకు పోవుచుండగా, విఱిగినదియు మాసినదియు కరీబియను చెఱకుతోటలలోని బానిసల తిండికై ఎగుమతి యగుచుండెను. బానిసల చెమటతో పండిన చక్కెరయు మొలాసెసును అవే వర్తకమార్గములలో మరలి వచ్చుచుండెను.

ఉప్పు తరువాత మంచు, మంచు తరువాత రైలు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున నార్వేనుండి ఓడలలో తెచ్చిన సహజపు మంచుగడ్డలమీద పేర్చిన పచ్చిచేప, గ్రిమ్స్‌బీ, హల్ రేవులనుండి ఇంగ్లండు పారిశ్రామిక నగరములకు రాత్రికి రాత్రి చేరసాగినది. బంగాళాదుంప వేపుడుతో కూడిన చేప వేపుడు శ్రామికుల భోజనమయ్యెను. అంతవఱకు గాలికి లోబడియున్న ట్రాలు వలకు, అనగా సముద్రపు అడుగును ఊడ్చుచు ఓడ లాగుకొనిపోవు సంచివలకు, 1881లో గ్రిమ్స్‌బీనుండి బయలుదేఱిన జోడియాక్ వంటి ఆవిరి ఓడలు తోడై, గాలితోను పోటుతోను నిమిత్తములేని శక్తి నొసగెను. రెండేండ్ల తరువాత లండనులో జరిగిన అంతర్జాతీయ మత్స్యప్రదర్శనమున జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ, కాడ్ వంటి మహాసముద్ర మత్స్యసంపద మానవప్రయత్నముచే తఱుగునది కాదని ప్రకటించెను. నేడు ఆ మాటను పరిహసించుట సులభమే గాని, ఆనాటి ఓడలను, వలలను దృష్టియందుంచుకొని ఆయన నిర్ణయము చెప్పెనను సంగతి మఱువరాదు. ఆయనను తలక్రిందులు చేసినవి ఆయన తరువాత వచ్చిన యంత్రములు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆ యంత్రములు ఒక్కసారిగా వచ్చిపడినవి. జలాంతర్గాములను వెదకుటకు ఏర్పడిన ధ్వనిపరికరములు చేపల మందలను చూపసాగెను. కుళ్లని నైలాను దారము నూలును జనపనారను తొలగించెను. 1954లో బ్రిటిషువారి ఫెయిర్‌ట్రై అను ఓడ, వెనుకభాగమున వాలుదారిగుండ వలను పైకి లాగి, చేపను అక్కడనే యంత్రములతో కోసి, గడ్డకట్టించి, కొట్లలో నింపి, కర్మాగారమే సముద్రముపై తేలుచున్నదా యనిపించినది. వెనువెంటనే సోవియట్ దేశము అట్టి ఓడలను వరుసగా నిర్మించెను. దూరమును కుళ్లును రెండును జయింపబడుటతో, ఏ దేశపు ఓడకైనను ఏ సముద్రమైనను పెరటి మడుగే యయ్యెను.

ఉపరితలమున మందలుగా తిరుగు చేపలను పట్టు పర్సు సీను వలకు ఇదే కాలమున మఱియొక మార్పు సంభవించినది. ఈ వలనే మనవారు రింగు వల యందురు. మంద కనబడగనే చిన్న పడవ వల యొకకొసను పట్టుకొని నిలువగా, పెద్ద ఓడ వలను వదలుచు మందచుట్టును తిరిగివచ్చును. పైయంచున బెండ్లు, క్రిందియంచున ఇనుప కడియములు, ఆ కడియములగుండ దూర్చిన ఉక్కుత్రాడు. ఆ త్రాటిని బిగించుటతో వల అడుగు, తాంబూలపు సంచి మూతివలె ముడుచుకొనును. చేపకు క్రిందికి దిగి తప్పించుకొను దారి మూసికొనిపోవును. పిదప మిగిలిన బరువైన పని తడిసిన వలను పైకి లాగుట. క్రొయేషియానుండి కాలిఫోర్నియాకు వలస వచ్చిన మారియో పురాతిచ్ అను జాలరి 1950 దశాబ్దమున, ఓడస్తంభపు చేతికొసన వ్రేలాడు యంత్రపు కప్పీని కల్పించి ఆ పనిని కొద్దిమంది చేయగలిగినదిగా చేసెను. నేటి ట్యూనా ఓడల వలలు కిలోమీటరున్నరకు మించిన పొడవును, రెండువందల మీటర్ల లోతును గలిగియుండుట ఆ కప్పీ మహిమయే.

ఇట్టి సాధనములన్నియు ఒక్క తీరమున గుమిగూడిన ఫలమేమో పెరూ చూపినది. అచ్చటి ఆంకోవెటా మన నెత్తళ్ల జాతికి చెందిన చిన్నచేప. దానిని తినుటకై పట్టలేదు. ఉడికించి, పిండి, ఎండబెట్టి, పొడిచేసి ఐరోపా, అమెరికా దేశముల కోళ్లకును పందులకును మేతగా నమ్మిరి. కాలిఫోర్నియా తీరపు సార్డీనులు 1940 దశాబ్దము చివర క్షీణించిపోగా, అచ్చట మూతబడిన మిల్లుల యంత్రములే పెరూకు చేరి యీ పరిశ్రమకు పునాదులైనవి. ఒక శూన్యము మఱియొక శూన్యమునకు పెట్టుబడి సమకూర్చెనని చెప్పవచ్చును. చింబోటె యను పల్లె నగరమై, దుర్గంధముతో ప్రపంచప్రఖ్యాతి గాంచెను. 1970లో శాస్త్రజ్ఞుల సంఘము ఏటికి సుమారు 95 లక్షల టన్నులకు మించరాదని సూచింపగా, ఆ యేడే 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టిరి; ప్రపంచమున పట్టిన ప్రతి యైదుచేపల తూకములో ఒకటి ఈ యొక్కజాతిదే. 1972లో ఎల్‌నీన్యో వచ్చెను. వెచ్చని నీరు తీరమున పఱచుకొని, అడుగునీరు పైకెగయుట ఆగి, మిగిలిన చేప ఒడ్డుచేరువ చల్లని మడుగులలో దట్టముగా గుమికూడెను. దట్టముగా గుమికూడినదానిని పట్టుట మఱింత సులభమయ్యెను. మఱుసటి యేటికి పట్టుబడి సుమారు 20 లక్షల టన్నులకు పడిపోయినది.

దాని ఫలితములు సముద్రముననే ఆగలేదు. పశువుల మేతలో చేపపొడి కొఱతపడగా సోయాచిక్కుడు ధర ఆకసమంటెను. 1973 వేసవిలో అమెరికా తన సోయా ఎగుమతులను తాత్కాలికముగా నిలిపివేసెను. సోయాకై అమెరికాపైననే ఆధారపడియున్న జపాను భీతిల్లి, బ్రెజిలు సవన్నా భూములను సోయాసాగునకు తెచ్చు పథకములకు ధనమొసగెను. నేడు చైనాకు ఓడలనిండ పోవు బ్రెజిలు సోయా చరిత్రలో ఆంకోవెటాకును ఒక పంక్తి కలదు. చేప తిరిగి కోలుకొన్నది. 2009నుండి పెరూ ప్రతి పడవకును విడివిడిగా వాటా నిర్ణయించి, ముందు పట్టినవాడే బాగుపడునను పరుగుపందెమును మాన్పించినది. సముద్రపుటుష్ణమునకు మాత్రము వాటా నిర్ణయింప వీలులేదు గనుక, 2023లో ఎల్‌నీన్యో మరల రాగా ప్రధానప్రాంతపు మొదటి ఋతువును రద్దుచేయవలసి వచ్చెను.

న్యూఫౌండ్లాండు కాడ్ పతనమున ప్రకృతిని నిందించుటకు ఇంతటి యవకాశము లేదు. కర్మాగారపు ఓడల దళములు చేరి 1968లో ఆ యుత్తరపు కాడ్‌ను 8 లక్షల టన్నులు పట్టెను; పూర్వపు శతాబ్దులలో ఏ యేటను అందు సగమైనను పట్టియుండలేదు. 1977లో కెనడా రెండువందల నాటికల్ మైళ్లవఱకు తన హక్కు ప్రకటించి పరదేశపు ఓడలను వెడలగొట్టినది గాని, ఆ స్థానమున స్వదేశపు ట్రాలరులను ప్రవేశపెట్టినది. తీరమున చిన్న వలలతో పట్టువారు చేప చిన్నదగుచున్నది, తఱుగుచున్నదని 1980 దశాబ్దమంతయు మొఱపెట్టుకొనిరి. శాస్త్రజ్ఞుల లెక్కలు మాత్రము పెద్ద ట్రాలరులకు గంటకు దొరకు చేపపై విశేషముగా ఆధారపడినవి. చేప తఱుగుకొలది మిగిలినది కొన్నిచోట్ల దట్టముగా చేరుననియు, ధ్వనిపరికరములుగల ఓడ ఆ చోట్లకే పోవుననియు, కాన దాని వల చివరి దినమువఱకు నిండుగనే యుండుననియు తెలిసివచ్చునప్పటికి ఆలస్యమైనది. 1992 జులై 2న మంత్రి జాన్ క్రాస్బీ రెండేండ్ల నిషేధము ప్రకటించెను. సుమారు ముప్పదివేలమంది ఒక్కదినమున నిరుద్యోగులైరి. ఆ రెండేండ్లు ముప్పదిరెండేండ్లై, 2024లో స్వల్పమైన వాటాతో ముగిసినవి. ఈలోగా కాడ్ లేని సముద్రమున పీతలును రొయ్యలును వృద్ధినొంది, వాని యెగుమతి కాడ్ యెగుమతికంటె అధిక ధనము తెచ్చెను. ఆ ధనము మూతబడిన పల్లెలన్నిటికి సమముగ చేరలేదు.

చేపకు స్వామిని కల్పించు యత్నమే ఇరువదవ శతాబ్ది సముద్రన్యాయచరిత్రము. 1609లో డచ్చి న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ సముద్రము ఎల్లరిదనియు, చేపసంపద తఱుగనిదనియు వాదించెను. 1947లో చిలీ, పెరూ దేశములు రెండువందల మైళ్ల హక్కు ప్రకటించి ఆ వాదమునకు గండికొట్టినవి. అతిచిన్నదియు సైన్యరహితమునగు ఐస్లండు 1958 మొదలు 1976 వఱకు మూడువిడతలుగా బ్రిటనుతో కాడ్ యుద్ధము సాగించి, ట్రాలు వలల ఉక్కుత్రాళ్లను కోయు కొక్కెములతోను, నాటో స్థావరమును మూసివేయుదునను బెదిరింపుతోను, తుదకు రెండువందల మైళ్లను సాధించెను. 1982నాటి సముద్రన్యాయ ఒడంబడిక ఈ హద్దును ప్రపంచనియమము గావించెను. దీనిని అందఱికంటె చతురతతో వినియోగించుకొన్నవి పసిఫిక్‌లోని చిన్నదీవులు. కిరిబాతి, టువాలు, నౌరు మొదలుగా ఎనిమిది దేశములు 1982లో కుదిరిన నౌరు ఒప్పందముక్రింద ఏకమై, ఓడలకు చేపను గాక తమ నీటిలో పట్టు దినములను అమ్ముచున్నవి. దినమునకు కనీసధర 8,000 డాలర్లని నిర్ణయించిన పిదప వాని రాబడి పెరిగినది. చిల్లర దుకాణములలోని ట్యూనా డబ్బాలలో అధికభాగము స్కిప్‌జాక్ జాతిది. దానికి ముఖ్యస్థానము ఈ దీవుల సముద్రమే.

భారతదేశము 1976లో చట్టముచేసి రెండువందల మైళ్ల హక్కును పొందినది. అంతకుపూర్వమే, 1952లో కుదిరిన ఒప్పందముచే, కేరళలోని నీండకర యందు ఇండో-నార్వేజియను పథకము ప్రారంభమైనది. పేద జాలరుల పడవలకు యంత్రములు సమకూర్చుట దాని యుద్దేశము. గడ్డకట్టించిన రొయ్యకు అమెరికాలో ధర లభించుటతో, యంత్రము జాలరి చేతినుండి ట్రాలరు కొనగల పెట్టుబడిదారుని చేతికి మారినది. తీరమున కలహములు చెలరేగి, 1988లో కేరళ వర్షకాలపు ట్రాలింగును నిషేధించెను. నేడు తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు మరబోట్లు లంగరు వేయుట విధి. ఆంధ్రతీరమున ఈ తగవు విశాఖపట్టణపు రింగు వలల చుట్టును సాగుచున్నది: తీరమునకు ఎంతదూరమున వేయవలెను, వల కన్ను ఎంత యుండవలెను అను విషయమై జాలరిపేటల నడుమనే పక్షములేర్పడినవి. పూడిమడక వంటి పల్లెలవారు మాత్రము చిన్న యంత్రపు పడవలలో గాలపుత్రాళ్లతో లోసముద్రమునకు పోయి సూరచేపలను ఒక్కొక్కటిగా పట్టుటలో ప్రసిద్ధికెక్కిరి. రేవుల వసతి చాలని శ్రీకాకుళపు జాలరులు వేలకొలది ఏటేట గుజరాతు వేరావలు రేవునకు వలసపోయి, తండేలు, అనగా పడవనాయకుని, ఆజ్ఞక్రింద పరుల ట్రాలరులపై కూలిచేయుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయినవారు హద్దు దాటిరని పాకిస్తానువారు పట్టుకొనగా, 2020 జనవరిలో ఇరువదిమంది వాఘాద్వారముగుండ ఇల్లు చేరిరి.

నడిసముద్రపు కూలి భూమిమీది చట్టములకు అందనిది. 1968 శీతకాలమున మూడువారములలో హల్ రేవునకు చెందిన మూడు ట్రాలరులు మునిగి ఏబదియెనిమిదిమంది మరణించిరి. అందొక ఓడలో రేడియో నడుపువాడు లేడు. దాని పలుకు వినబడక రెండువారములు గడచినను వెదకినవారు లేరు. లిల్లియన్ బిలొక్కా యను జాలరి భార్య పదివేలమంది సంతకములతో, తోడి స్త్రీలతో లండనునకు పోయి, ప్రతి ఓడయందు రేడియో నడుపువాడుండవలెననుట మొదలుగా పెక్కు కోరికలను మంత్రులచే ఒప్పించెను. తీరమునకు మరలివచ్చు ఓడలు గనుక అది సాధ్యమయ్యెను. నేటి దూరసముద్ర నౌకలు పట్టిన చేపను నడిసముద్రముననే సరకుల ఓడకు మార్చి, ఇంధనమును తిండిని గ్రహించి, ఏండ్లతరబడి రేవు చూడకుండ ఉండగలవు. 2015లో ఇండోనేషియాలోని బెంజీనా గ్రామమున థాయి ఓడలకు బానిసలైన మయన్మారు కూలీలను విలేకరులు వెలికితీసిన పిదప రెండువేలమందికి పైగా విముక్తులైరి. మత్స్యకార్మికుల రక్షణకై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన ఒడంబడిక 2017లో అమలులోనికి వచ్చినను, చేరిన దేశములు కొద్ది.

లెక్కించిన సముద్రమత్స్య నిలువలలో 2021నాటికి 37.7 శాతము అతిగా పట్టబడినవని ఆహార వ్యవసాయ సంస్థ తేల్చినది. 1970 దశాబ్దమున ఇది పదింట ఒకవంతు మాత్రమే. పట్టిన పిదప అక్కఱలేదని సముద్రమునకే విసరివేయు చేప ఏటికి సుమారు 90 లక్షల టన్నులు. రొయ్యలకై లాగు ట్రాలు వల ఇందులో ప్రధానదోషి. పెంపకపు చేప తొలిసారిగా 2022లో పట్టుచేపను మించినది గాని, దానిని ఊరటగా భావింపబోవునెడల కృష్ణా గోదావరీ మండలముల రొయ్యల చెఱువుల మేతబస్తాను విప్పి చూడవలెను: అందును సముద్రపు చిన్నచేపల పొడి కలదు.

పట్టుబడి పెరుగకున్నను ఓడలు తగ్గకుండుటకు కారణము చాలమట్టుకు ప్రభుత్వముల ధనము. 2018లో ప్రపంచప్రభుత్వములు ఈ పరిశ్రమకిచ్చిన రాయితీలు సుమారు 3,540 కోట్ల డాలర్లని అంచనా. అందు అధికభాగము ఇంధనము, ఓడల నిర్మాణము మొదలుగా పట్టుశక్తిని పెంచు పనులకు ఖర్చయి, గిట్టుబాటుగాని దూరమునకు సయితము ఓడను పంపుచున్నది. ప్రపంచ వాణిజ్య సంస్థ 2022 జూనులో కుదిర్చి 2025 సెప్టెంబరులో అమలుచేసిన ఒప్పందము, అక్రమముగా పట్టువారికిని, క్షీణించిన నిలువలపై పడువారికిని రాయితీ లిచ్చుటను నిషేధించినది. ఓడల సంఖ్యను పెంచు రాయితీల సంగతి మాత్రము తెగలేదు. దూరసముద్ర దళములను దశాబ్దులుగా పోషించిన దేశములు ముందుగా విరమింపవలెననియు, తీరజాలరులు విస్తారముగాగల తమవంటి దేశములకు ఇరువదియైదేండ్ల గడువు కావలెననియు భారతదేశము పట్టుపట్టియున్నది. మాసములతరబడి అన్యసముద్రముల నుండు ట్రాలరునకిచ్చు ఇంధనపు రాయితీయు, పూడిమడక పడవకు లీటరుమీద తగ్గించు డీజిలు ధరయు ఒక్క తూనికరాతితో తూచదగినవా యను ప్రశ్నవద్ద ఆ చర్చలు నిలిచియున్నవి.